ఆరుతడి చదువు

మెదడు అన్న మాట ఒక్కటి తగిలిస్తే చాలు, చదువుల అంగడిలో ఏ సరుకైనా చెల్లిపోతుంది. మా వేంపల్లె వంటి ఊళ్ళ గోడల మీద కూడా ఈ పది పదిహేనేళ్ళుగా వేసవి వచ్చిందంటే ఆ మాట కనబడుతూనే ఉన్నది. ఒకరు పిల్లవాడి పది వేళ్ళ ముద్రలు తీసుకొని వాడు ఇంజనీరవుతాడో డాక్టరవుతాడో చెబుతామంటారు. ఇంకొకరు రెండు రోజుల శిబిరంలో 'మధ్యమెదడు'ను మేల్కొలిపి, కళ్ళకు గంతలు కట్టినా పుస్తకం చదివిస్తామంటారు. మరొకరు కుడి మెదడు పిల్లలకొక పద్ధతి, ఎడమ మెదడు పిల్లలకొక పద్ధతి అంటారు. రుసుము వేలల్లో ఉంటుంది. ఆ రుసుము కట్టేవారిలో శనగలు అమ్మిన డబ్బు చెంగున కట్టుకొని వచ్చిన తల్లిదండ్రులూ ఉంటారు.

ఆ వ్యాపారులను తిట్టడం ఈ టపా ఉద్దేశం కాదు (అది కూడా ఎవరో ఒకరు చేయవలసిన పనే). నా ఫిర్యాదు వేరు. మెదడును గురించి శాస్త్రం నిజంగా తెలుసుకున్నదానిలో బడికి పనికివచ్చే భాగం చాలా చిన్నది, చాలా చవకైనది. పైగా అందులో సగం మన పాత అయ్యవార్లకు తెలిసినదే. దానిని బడినుండి వెళ్ళగొట్టి, దాని పేరు పెట్టుకున్న నకిలీని డబ్బిచ్చి తెచ్చుకుంటున్నాము.

ముందు నకిలీ సంగతి త్వరగా ముగిస్తాను. మధ్యమెదడు ప్రతి మనిషిలోనూ పుట్టినప్పటినుండీ పనిచేస్తూనే ఉంటుంది. కనుగుడ్ల కదలిక, వెలుగు పడితే కనుపాప ముడుచుకోవడం, మనం మెలకువగా ఉండడం, వీటన్నిటిలోనూ దాని పాత్ర ఉన్నది. అది నిజంగా నిద్రపోతూ ఉంటే ఆ పిల్లవాడు శిబిరానికి నడిచి రాగలిగేవాడే కాదు. ఇక గంతల కింద, ముక్కు పక్కన మిగిలే సందులోంచి చూడడం ఎంత తేలికో దాగుడుమూతలాడిన పిల్లలందరికీ తెలుసు. హేతువాదులు ఆ సందు మూసి చదవమన్నప్పుడు ఈ విద్య ఆగిపోవడం పలుమార్లు జరిగింది. వేలిముద్రల గీతలు తల్లి కడుపులో ఆరో నెల నిండేసరికే ఖాయమైపోతాయి. ఆ పైన మారవు గనుకనే అవి పోలీసులకు పనికివస్తాయి. మెదడు దీనికి తలక్రిందులు: పుట్టిన తర్వాతనే అది ఎక్కువగా మలచబడుతుంది. మారనిదానిని చూసి మారేదానికి జాతకం చెప్పడమన్నమాట. కుడి ఎడమల కథకు మూలం రోజర్ స్పెర్రీ పరిశోధన, దానికి ఆయనకు 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఆయన పరీక్షించినది మూర్ఛరోగానికి చికిత్సగా మెదడు రెండు సగాల నడుమనున్న నరాల కట్టను కోయించుకున్న రోగులను. ఆ కట్ట చెక్కుచెదరని మన పిల్లల్లో రెండు సగాలూ కలిసే పనిచేస్తాయి.

ఇంతటి బూటకాన్ని చదువుకున్నవారు కూడా ఎలా నమ్ముతారు? దీనికి ఒక చక్కని ప్రయోగం ఉన్నది. 2008లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన డీనా వైస్‌బర్గ్ బృందం మనుషుల ప్రవర్తనకు కొన్ని మంచి వివరణలు, కొన్ని తప్పుడు వివరణలు వ్రాసి పాఠకులకు ఇచ్చింది. కొన్నిటికి మాత్రం అసలు విషయంతో సంబంధం లేని మెదడు కబురు ఒక వాక్యం చేర్చింది. ఆ ఒక్క వాక్యంతో తప్పుడు వివరణ కూడా మునుపటికంటె నమ్మదగినదిగా కనిపించింది. మోసపోనివారు ఆ రంగంలో పండినవారు మాత్రమే. నాడీశాస్త్రంలో ఒక తరగతి చదివిన విద్యార్థులు కూడా మోసపోయారు. కాబట్టి పల్లెటూరివాళ్ళు అమాయకులు అనే మాట ఇక్కడ చెల్లదు. 2012లో బ్రిటన్, నెదర్లాండ్స్ దేశాల్లో 242 మంది ఉపాధ్యాయులను అడిగితే, ఒక్కొక్క పిల్లవాడికి చూపు, వినికిడి, కదలిక అంటూ అతడిదైన 'అభ్యసన శైలి' ఉంటుందని, ఆ శైలిలో చెబితేనే బాగా వస్తుందని నూటికి తొంభైమందికి పైగా నమ్ముతున్నట్టు తేలింది. ఆ నమ్మకానికి తగిన రుజువు లేదని నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లోనే వెతికి వ్రాసి ఉన్నారు.

మెదడుకూ నల్లబల్లకూ మధ్య దూరం చాలా ఉన్నదని 1997లోనే జాన్ బ్రూయర్ అనే ఆయన హెచ్చరించాడు. నరకణాల మధ్య సంధి ఎలా బలపడుతుందో తెలిసినంత మాత్రాన రేపు ఏడో తరగతిలో భిన్నాలు ఎలా చెప్పాలో తెలియదు. ఆ దూరాన్ని ఒక్క వంతెనతో దాటలేమని, నడుమ జ్ఞాపకాన్ని, అవధానాన్ని పరీక్షించే మనస్తత్వ శాస్త్రమనే దిబ్బ మీద ఆగి రెండు వంతెనలుగా దాటాలని ఆయన వాదం. నాకు ఇది సరైన మాటగా తోస్తుంది. మెదడు బొమ్మల్లోని ఎర్రమచ్చలకంటె, పిల్లలకు పాఠం చెప్పి వారం తర్వాత ఎంత మిగిలిందో లెక్కపెట్టిన సాదాసీదా ప్రయోగాలే మన అయ్యవార్లకు ఎక్కువ చెప్పగలవు.

ఆ దిబ్బ మీద నిలబడి చూస్తే మొట్టమొదట కనబడేది మన భాషలోని రెండు మాటలు. వల్లె వేయడం ఒకటి, అప్పజెప్పడం ఒకటి. రెంటినీ కలిపి 'బట్టీ' అని పేరు పెట్టి, అభ్యుదయమనుకొని రెంటినీ ఒక్క చీపురుతో ఊడ్చేశాము. కానీ అవి రెండూ ఒకటి కావు. వల్లె వేసేటప్పుడు పాఠం కంటి ఎదుట ఉంటుంది, నాలుక తిరుగుతుంది, మనసు ఊరేగుతుంది. అప్పజెప్పేటప్పుడు పుస్తకం మూసి ఉంటుంది. లోపలికి పోయి వెతికి తెచ్చి, పద్దు చూసి సొమ్ము తిరిగి ఇచ్చినట్టు, అయ్యవారి చేతికి అందించాలి. మొదటిది లోపల పెట్టే ప్రయత్నం. రెండవది బయటికి తీసే ప్రయత్నం. నేర్చుకోవడమంటే మొదటిదేనని, రెండవది కేవలం తనిఖీ అని మనమందరమూ అనుకుంటాము.

2006లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు ఈ నమ్మకాన్ని పరీక్షించారు. విద్యార్థులకు ఒక చిన్న వ్యాసం చదవడానికి ఇచ్చారు. తర్వాత కొందరు దానినే మళ్ళీ చదివారు. కొందరు కాగితం పక్కన పెట్టి గుర్తున్నదంతా వ్రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవారిదే పైచేయి: 81 శాతం, 75 శాతం. వారం తర్వాత పెడితే లెక్క తిరగబడింది. మళ్ళీ చదివినవారికి 42 శాతమే మిగిలింది, గుర్తుచేసుకొని వ్రాసినవారికి 56 శాతం మిగిలింది. ఇంకొక ప్రయోగంలో నాలుగుసార్లు చదివినవారు, ఒకసారి చదివి మూడుసార్లు పుస్తకం మూసి వ్రాసినవారికంటె తమకే ఎక్కువ గుర్తుంటుందని ధీమాగా చెప్పారు. వారం తిరిగేసరికి వారికి 40 శాతం, వీరికి 61 శాతం. చదివినకొద్దీ పాఠం నున్నగా జారిపోతుంది, ఆ నునుపును మనం చదువు అనుకుంటాము. పరీక్షకు ముందురోజు రాత్రి పుస్తకం తిరగేసి 'అంతా వచ్చేసింది' అనుకొని, మరునాడు కలం పట్టుకొని దిక్కులు చూసిన అనుభవం మనలో ఎవరికి లేదు?

దీనికి తోడు ఎడం. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో అచ్చువేసిన పుస్తకంలోనే ఇది ఉన్నది. ఆయన అర్థంలేని అక్షరాల వరుసలను తనమీద తానే ప్రయోగించుకున్నాడు. మరునాటికి తేలికగా తిరిగి నేర్చుకోగలిగేందుకు ఒకే కూర్చునికిలో 68 సార్లు చదివినది, మూడు రోజుల మీద పంచుకుంటే 38 సార్లతో సరిపోయింది. ఈ సంగతి కొత్తదేమీ కాదు, 140 ఏళ్ళ పాతది. అయినా ఏ బడిలోనూ కాలపట్టిక దీనిని బట్టి తయారుకాలేదు. ఒక పాఠం మొదలుపెట్టి, ముగించి, పరీక్ష పెట్టి, 'అయిపోయింది' అని గీత గీసి, ఇంకొక పాఠానికి పోవడమే మన పద్ధతి.

మా సీమవాళ్ళకు దీనిని తేలికగా చెప్పవచ్చు. వరికి మడినిండా నీళ్ళు నిలపాలి. వేరుశనగకు అలా నిలిపితే వేరు కుళ్ళుతుంది. ఒక తడి ఇచ్చి, నేల ఆరనిచ్చి, మళ్ళీ తడి ఇవ్వాలి. ఆరుతడి పంట అని అందుకే అన్నారు. పైన ఆరిన నేలలో వేరు తేమను వెతుక్కుంటూ కిందికి దిగుతుంది. జ్ఞాపకం విషయంలోనూ ఆ కాస్త ఆరడమే పని చేస్తుంది. కొంత మరపు కమ్మిన తర్వాత గుర్తుచేసుకోవడం కష్టం. ఆ కష్టమే ముద్రను లోతు చేస్తుంది. రాబర్ట్ బ్యోర్క్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1994లో వీటికి 'కోరదగిన కష్టాలు' అని పేరు పెట్టాడు. మన బడులు మాత్రం పాపాఘ్ని తీరంలో కూడా వరిచదువే సాగుచేస్తున్నాయి. మార్చి నెలలో కాలువ తెగినట్టు నీళ్ళు, జూన్ నాటికి బీటలు.

ఇంతకంటె పెద్ద సాక్ష్యం మన తెలుగువాళ్ళ ఇంట్లోనే ఉన్నది. మా జిల్లాలోని ప్రొద్దుటూరు అవధానాలకు పేరుపడ్డ ఊరు. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి జంటగా అవధానాలు చేసినది అక్కడే. తరువాతి కాలంలో సి.వి. సుబ్బన్న శతావధాని కూడా ప్రొద్దుటూరువారే. అష్టావధానం చూసినవారు ఒక సంగతి గమనించే ఉంటారు. అవధాని ఏ పద్యాన్నీ ఒక్క ఊపున పూర్తిచేయడు. నిషిద్ధాక్షరికి ఒక పాదం, సమస్యకు ఒక పాదం, దత్తపదికి ఒక పాదం, వర్ణనకు ఒక పాదం చెప్పి వదిలేస్తాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి దారి తప్పిస్తుంటాడు, గంటలు మోగుతుంటాయి, వాటి లెక్క తేలాలి. రెండో ఆవృత్తంలో మళ్ళీ మొదటి పృచ్ఛకుని దగ్గరికి వచ్చి, తానెక్కడ వదిలాడో కాగితం లేకుండా గుర్తుచేసుకొని, రెండో పాదం అందుకుంటాడు. ఇలా నాలుగు చుట్లు. చివర ధారణ, అన్ని పద్యాలూ మొదటినుండి తుదివరకు ఒప్పగించడం. ఎడం, మార్చి మార్చి చేయడం, మూసిన పుస్తకం అని ప్రయోగశాలలు విడివిడిగా కనుగొన్నవన్నీ అవధాన ప్రక్రియ నిర్మాణంలోనే కూర్చబడి ఉన్నాయి. ఛందస్సు కూడా అలంకారం మాత్రమే కాదు. మొదటి పాదంలో రెండో అక్షరం ఏదో తెలిస్తే తక్కిన మూడు పాదాల్లో ప్రాసస్థానం తెలిసిపోయినట్టే. యతి ఇంకొక గుర్తురాయి. వెతికేవానికి దారిపొడుగునా గుర్తురాళ్ళు పాతిపెట్టిన ఏర్పాటు అది.

అయితే ఇక్కడ మనవాళ్ళు ఒక పొరపాటు గంతు వేస్తారు. అవధానం నేర్పితే, లేదా సంస్కృతం వల్లెవేయిస్తే, పిల్లవాడి 'జ్ఞాపకశక్తి' అన్నిటికీ పెరుగుతుందంటారు. జ్ఞాపకశక్తి కండ కాదు. 1980లో సైన్స్ పత్రికలో ఎరిక్సన్, చేజ్, ఫలూన్ అనేవారు ఒక కాలేజీ కుర్రవాడి కథ వ్రాశారు. అతడు అందరిలాగానే ఏడు అంకెలు గుర్తుపెట్టుకోగలిగినవాడు. ఏడాదిన్నరకు పైగా, మొత్తం 230 గంటల సాధనతో 79 అంకెలను ఒకసారి విని అప్పజెప్పే స్థితికి వచ్చాడు. పరుగుపందేల ఆటగాడు గనుక అంకెలను పరుగు సమయాలుగా కట్టకట్టి దాచుకునేవాడు. అంకెలు తీసేసి అక్షరాలిస్తే మళ్ళీ ఆరుకే వచ్చాడు! అవధాని అంతటివాడు కావడానికి కారణం ఛందస్సు, నిఘంటువు, పురాణం అతడి లోపల ఇల్లు కట్టుకొని ఉండడం. పద్యం నిలిచేది ఆ ఇంట్లో. రసాయనశాస్త్రం గుర్తుండాలంటే రసాయనశాస్త్రంలోనే ఇల్లు కట్టుకోవాలి, వేరే దారి లేదు. 2016లో 21 మంది వేదపండితుల మెదళ్ళను చిత్రించి, జ్ఞాపకానికి సంబంధించిన కొన్ని భాగాలు ఇతరులకంటె దళసరిగా ఉన్నాయని చెప్పిన పరిశోధన ఒకటి చేతినుండి చేతికి తిరుగుతూనే ఉంటుంది. అది చిన్ననాటినుండి ఏళ్ళ తరబడి, రోజుకు గంటలకొద్దీ అధ్యయనం చేసినవారి గురించి. నెలకు నాలుగు తరగతుల వేసవి శిబిరానికి అది ప్రకటనగా పనికిరాదు.

పాత అయ్యవార్లను నేను ఆకాశానికి ఎత్తడం లేదు. అప్పజెప్పించుకోవడం వాళ్ళకు తెలుసు. కానీ అప్పజెప్పేవాడి పక్కనే బెత్తం కూడా ఉండేది. వీధిబడుల్లో కోదండం వేయడం, గోడకుర్చీ వేయించడం మన తాతల కథల్లో నవ్వులాటగా వినబడతాయి గాని, అందులో నవ్వవలసినది లేదు. భయపడినప్పుడు ఒంట్లో ఊరే కార్టిసాల్ అనే రసాయనం ఉన్నది. 2000లో స్విట్జర్లాండులో డొమినిక్ ద కెర్వెన్ బృందం ఆరోగ్యవంతులకు మాటల జాబితా ఒకటి నేర్పి, గుర్తుచేసుకోవడానికి గంట ముందు దాని వంటి మందే ఇచ్చి చూసింది. నేర్చుకున్నది లోపల ఉండి కూడా బయటికి రావడం తగ్గింది. బెత్తం ఎత్తగానే 'వచ్చింది కూడా మర్చిపోయినాను సార్' అని ఏడ్చే పిల్లవాడు అబద్ధమాడటం లేదన్నమాట. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బను నిషేధించింది. దెబ్బతో పాటు ప్రశ్నను కూడా మనం వదిలేయడం మాత్రం చట్టం చెప్పని పని. బెత్తాన్ని వదిలి అప్పజెప్పడాన్ని ఉంచుకోవలసింది.

కార్పొరేట్ కళాశాలల దగ్గరికి వస్తే, వాటిని ద్వేషించేవారు కూడా ఒక నిజం ఒప్పుకోవాలి. వారంవారం పరీక్ష పెట్టడం గుర్తుచేసుకునే సాధనే. ఆ ర్యాంకుల్లో కొంత భాగమైనా ఆ సాధన ఫలితమే. నా తగాదా ఆ పరీక్షను వాడుకునే తీరుతో. ఆ పరీక్ష పిల్లవాడు ఎక్కడ తడబడ్డాడో చూపడానికి కాదు, వాడిని ఏ సెక్షనులో కూర్చోబెట్టాలో తేల్చడానికి. మార్కు వస్తుంది, గది మారుతుంది, తప్పు మాత్రం తప్పుగానే ఉండిపోతుంది. ప్రతి పరీక్షా ఒక తీర్పు అయినప్పుడు దానితో భయం కూడా వారంవారం వస్తుంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల తర్వాత రోజుల వ్యవధిలో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. దానిని గురించి వ్రాయడానికి ఇంకేమీ మాటలు దొరకవు.

అంతకంటె పెద్ద నేరం నిద్ర దగ్గర జరుగుతోంది. తెల్లవారుజామున అయిదింటికి లేపి, రాత్రి పదకొండింటికి దీపాలార్పే హాస్టళ్ళ గురించి తల్లిదండ్రులు గర్వంగా చెప్పుకోవడం నేను విన్నాను. అంటే ఆరు గంటల నిద్ర. పదమూడు నుండి పద్దెనిమిదేళ్ళ వయసువారికి ఎనిమిది నుండి పది గంటలు కావాలని అమెరికన్ నిద్రావైద్యుల అకాడమీ 2016లో తేల్చి చెప్పింది. ఇది సుకుమారం కోసం చెప్పిన మాట కాదు. హిప్పోక్యాంపస్ అని మెదడు లోపలి మడతల్లో ఒక భాగం ఉన్నది. 1953లో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛలు తగ్గించడానికి రెండు వైపులా దానిని చాలావరకు తొలగించారు. చిన్ననాటి సంగతులు అతడికి మిగిలాయి గాని, ఆ రోజునుండి 2008లో చనిపోయేవరకు కొత్తగా పరిచయమైనవారు అతడికి ప్రతిరోజూ కొత్తవారే. పాతవి మిగలడాన్ని బట్టి, జ్ఞాపకం మొదట చేరే చోటు, చివరికి స్థిరపడే చోటు ఒకటి కావని తెలిసింది. ఆ బదిలీలో పెద్దభాగం నిద్రలో జరుగుతుంది. పగలు కళ్ళంలో పోసిన గింజను రాత్రి గాదెకు చేరుస్తారనుకోండి. గాదెకు చేర్చే కూలీలను ఆపి, కళ్ళంలో ఇంకా ఇంకా పోయించడమే మన స్టడీ అవర్ల పని. 2016లో ఫ్రాన్సులోని లియాన్‌లో స్టెఫనీ మజ్జా బృందం స్వాహిలీ మాటలు పదహారు నేర్పింది. ఉదయం నేర్చి సాయంత్రం మళ్ళీ చూసుకున్నవారికంటె, సాయంత్రం నేర్చి నిద్రపోయి ఉదయం చూసుకున్నవారికి సగం శ్రమతోనే అవి తిరిగి వచ్చాయి, ఆరు నెలల తర్వాత కూడా ఎక్కువ నిలిచాయి. నిద్ర చదువులోంచి కోసుకునే సమయం కాదు, చదువులో భాగమే. దానిని దొంగిలించి ఫీజు కూడా వసూలు చేయడం ఎక్కడి న్యాయం?

ఇక మా పొరుగున ఉన్న ఇడుపులపాయ. మా వేంపల్లె మండలంలోనే, కొండల పాదాన, 2008లో రాజీవ్‌గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ ప్రాంగణాల్లో ఒకటి మొదలయింది. తక్కిన రెండూ నూజివీడు, బాసర. అందరమూ ట్రిపుల్ ఐటీ అంటాము. దాని తొలి చాన్సలర్ రాజ్ రెడ్డి, ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమమేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నవారు. పదో తరగతి కాగానే పల్లె పిల్లలను తీసుకొని ఆరేళ్ళు చదివించాలన్నది పథకం. కోచింగు కొనుక్కోగలిగినవారికి పైచేయి దొరికే ప్రవేశపరీక్ష పెట్టకుండా పదో తరగతి మార్కులతోనే ఎంపిక చేశారు. పైగా ప్రభుత్వ బడిలో చదివినవారికి 0.4 పాయింట్లు కలిపారు. వేలిముద్రలు చూసి ప్రతిభ చెబుతామనే కాలంలో, అవకాశం లేకపోవడాన్ని లెక్కలోకి తీసుకున్న ఆ దశాంశం నాకు ఎంతో గౌరవనీయంగా కనిపిస్తుంది.

ఆ తొలినాళ్ళ ఆలోచనలో రెండో సగం ల్యాప్‌టాప్. ప్రతి పిల్లవాడికీ ఒకటి, దానిలో దృశ్యపాఠాలు, పక్కన సందేహాలు తీర్చే మెంటర్లు. పేరుమోసిన అధ్యాపకుడు ప్రతి పల్లెకూ రాలేడు గనుక తెర మీద రప్పించడం మంచి ఊహే. కానీ తెరకు ఒక స్వభావం ఉన్నది. 2013లో షానా కార్పెంటర్ బృందం ఒకే పాఠాన్ని ఒకే మనిషితో రెండు విధాలుగా చిత్రించింది. ఒకదానిలో ఆమె ధారాళంగా, కళ్ళలోకి చూస్తూ చెబుతుంది. రెండోదానిలో కాగితాలు తిరగేస్తూ, తడబడుతూ చెబుతుంది. మొదటిది చూసినవారు తమకు చాలా వచ్చేసిందనుకున్నారు. పరీక్షలో ఇద్దరికీ వచ్చినది ఒకటే. అదే ఏడు హార్వర్డ్‌లో స్పునార్, ఖాన్, షాక్టర్ అనేవారు 21 నిమిషాల గణాంకశాస్త్ర దృశ్యపాఠాన్ని నాలుగు ముక్కలు చేసి, ముక్కకూ ముక్కకూ నడుమ చిన్న ప్రశ్నలు పెట్టారు. మనసు ఊరేగడం సగానికి పైగా తగ్గింది. అంతే తేడా, తెర చూపి ఊరుకోవడానికీ, ఆపి అడగడానికీ. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు లక్షల సంఖ్యలో ట్యాబులు పంచినప్పుడు పత్రికలన్నీ యంత్రం ధర గురించి, అందులో పాఠాలు నింపిన బైజూస్ గురించి వాదించుకున్నాయి. ఆ సంస్థ 2024లో దివాలా విచారణలో పడింది. ఆ వాదనలో 'పాఠం చూసిన పిల్లవాడిని వారం తర్వాత ఎవరు అడుగుతారు?' అన్న ప్రశ్న నాకు ఎక్కడా వినబడలేదు.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒక క్షణంలో మనసు పట్టి ఉంచగలిగే అంశాలు నాలుగైనా దాటవని 2001లో నెల్సన్ కోవన్ సమీక్షించి చెప్పాడు. పదేళ్ళు తెలుగులో చదివి ఒక్క వేసవి తర్వాత ఆంగ్లంలో భౌతికశాస్త్రం వినే పిల్లవాడికి ఆ నాలుగు చేతుల్లో రెండు వాక్యాన్ని విడదీసుకోవడానికే పోతాయి. మిగిలిన రెంటితో న్యూటనును మోయాలి. వాడు మందబుద్ధి కాదు, చేతులు ఖాళీగా లేవు, అంతే. మొదటి ఏడాది భావాన్ని తెలుగులో చెప్పి, ఆంగ్లపదాన్ని దానికి తగిలించి, వాడిచేత తెలుగులోనే అప్పజెప్పించుకోవడంలో సిగ్గుపడవలసింది ఏముంది? ఆంగ్లం రాకూడదని నేననడం లేదు. భౌతికశాస్త్రం వీపు మీద ఎక్కి రానక్కరలేదంటున్నాను.

చిన్నప్పుడే అంతా అయిపోతుంది, అయిదేళ్ళు దాటితే కిటికీ మూసుకుంటుంది అని భయపెట్టేవారికి ఒక్క మాట. 2017లో లక్నో సమీపపు పల్లెల్లో అక్షరం రాని పెద్దవాళ్ళకు, ఎక్కువగా స్త్రీలకు, ఆరు నెలలు దేవనాగరి నేర్పి, ముందూ వెనుకా వారి మెదళ్ళను చిత్రించిన పరిశోధన ఒకటి వెలువడింది. హైదరాబాదు విశ్వవిద్యాలయానికి చెందిన రమేశ్ కుమార్ మిశ్రా అందులో ఒక రచయిత. ముప్పై ఏళ్ళ స్త్రీల మెదడు పైపొరలోనే కాదు, లోతైన భాగాల్లో కూడా మార్పు కనిపించింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల తొలినాళ్ళలో పలక పట్టుకొని, సారా దుకాణాలు మూయించిన ఆడవాళ్ళకు ఈ చిత్రాల అవసరం లేకపోయింది.

ఇదంతా మా ఊరి బడిలో ఎలా ఉంటుందో ఊహించుకుంటాను. సారు లోపలికి వచ్చి, సుద్దముక్క తీయకముందే అయిదు ప్రశ్నలు అడుగుతాడు. రెండు నిన్నటివి, రెండు పోయిన వారానివి, ఒకటి దసరా ముందు చెప్పినది. పిల్లలు పుస్తకం మూసి నోటుబుక్కు వెనుక పేజీలో వ్రాస్తారు. మార్కులు లేవు, ఎవరూ లేచి నిలబడనక్కరలేదు. తర్వాత పుస్తకం తెరిచి ఎవరి తప్పు వారే దిద్దుకుంటారు. ఏడు నిమిషాల పని. దీనికి ట్యాబు, శిబిరం, ప్రత్యేక గది ఏదీ అక్కరలేదు. అందుకే ఎవరూ దీనిని అమ్మడానికి రారు. తనిఖీకి వచ్చే అధికారి సిలబస్ ఎంతవరకు అయిందని అడుగుతాడే గాని, జూలైలో చెప్పినది డిసెంబరులో ఎంత మిగిలిందని అడగడు. ఆ ఒక్క ప్రశ్న మారితే తక్కినవి వాటంతట అవే కొంత మారతాయని నా నమ్మకం.

ఇంట్లో చేయడానికి చదువు కూడా అక్కరలేదు. 'ఈ పొద్దు ఏం చెప్పినారు' అని కాదు, 'పోయిన వారం సారు చెప్పినాడే, అది చెప్పు నాయనా, ఇంటా' అనాలి. జవాబు తప్పో ఒప్పో ఆ తల్లికి తెలియనక్కరలేదు. సంగటి తింటూ చెప్పుకొచ్చే పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో వాడికే తెలుస్తుంది. చెయ్యి కడుక్కొని, పుస్తకం తీసి, చూసుకొని వచ్చి, మిగిలింది చెబుతాడు.